ష్వార్ట్జు అయ్యవారు

పరభాష నేర్చుకొనుట బాలునకు కష్టము. నేర్పుట ఉపాధ్యాయునకు అంతకంటె కష్టము. ఒకే తరగతిలోని బిడ్డలు వేర్వేరు ఇండ్లనుండి వేర్వేరు భాషలతో వచ్చి కూర్చుండినప్పుడు ఆ కష్టము ఎంతటిదో మా తోడి ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కఱలేదు. తెలుగు బిడ్డయు, ఉర్దూ బిడ్డయు, అరవ బిడ్డయు, లంబాడీ బిడ్డయు ఇంగ్లీషు వాచకమును ఒక్క గంటకే తెఱచుదురు గాని, ఒక్కొక్కరు ఒక్కొక్క దారిని దానియొద్దకు నడచి రావలసియున్నారు. ఇంటి భాషను విడిచిననే గాని ఇంగ్లీషు రాదని కొందఱు తలిదండ్రులు తలంచుదురు. ఇంగ్లీషు వచ్చిన బిడ్డ తమకు దూరమగునేమోయని మఱికొందఱు భయపడుదురు. ఈ చిక్కు మన కాలమున క్రొత్తగ పుట్టినది కాదు. 240 సంవత్సరముల క్రిందట తంజావూరు సీమలో ఒక జర్మను దేశీయుడు దీనిని ఎదుర్కొనెను. ఇంగ్లీషు ఆయన శిష్యులకు మాతృభాష కాదు, ఆయనకును కాదు. అందుచేత ఆయన జీవితమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సంగ్రహముగ తెలుపగోరుచున్నాము.

క్రిస్టియన్ ఫ్రెడరిక్ ష్వార్ట్జు 1726వ సంవత్సరమున ప్రష్యా రాజ్యమందలి సోన్నెన్‌బుర్గు అను చిన్న పట్టణములో జన్మించెను. ఆ ఊరు ఇప్పుడు పోలెండు దేశములో చేరియున్నది. ఆయన మిక్కిలి పసివాడై యుండగనే తల్లి గతించెను. ఈ బిడ్డను దేవుని సేవకు సమర్పించితినని, వాని చదువును ఆ యుద్దేశముతోనే సాగింపవలెనని ఆమె మరణశయ్యమీద భర్తను వేడుకొనెనట. బాలుడు స్వగ్రామమునను, పిదప క్యూస్ట్రిను పట్టణమునను చదివి, 1746లో హాలె నగరమందలి విశ్వవిద్యాలయమున ప్రవేశించెను.

హాలెలో ఆయనకు దొరకిన గురువులలో ఒకని పేరు తెలుగువారు మఱువరానిది. బెంజమిన్ షుల్జు అను ఆ మిషనెరీ చెన్నపట్టణమున పెక్కేండ్లు పనిచేసి, 1743లో స్వదేశమునకు మరలిన వృద్ధుడు. తెలుగు భాషకు ఒక వ్యాకరణమును 1728లోనే వ్రాసినవాడు. 1746, 1747 సంవత్సరములలో హాలెయందే చిన్న తెలుగు పుస్తకములను అచ్చు వేయించినవాడు. తమిళ బైబిలును మరల అచ్చొత్తింపవలెనని ఆయన తలపెట్టి, అచ్చు దిద్దుటకు తోడ్పడుమని యువకుడైన ష్వార్ట్జునకు తమిళము నేర్పసాగెను. ఆ ముద్రణము నెరవేఱలేదు గాని, దానికై నేర్చిన తమిళము మాత్రము వ్యర్థము కాలేదు. హిందూదేశపు గడ్డను కన్నులార చూడకమునుపే, ఆ దేశపు అక్షరములు ఈ యువకుని చేతికి అలవడెను. అక్కడి పెద్దలు ఆయనను తరంగంబాడిలోని డేనిషు మిషనుకు పంప నిశ్చయించిరి.

1749లో కోపెన్‌హేగను నగరమున గురుపట్టము పొంది, ఆయన లండనుకు వెళ్లి, ఓడ బయలుదేఱువఱకు అక్కడ నిలిచి కొంత ఇంగ్లీషు నేర్చుకొనెను. 1750వ సంవత్సరము జూలై మాసమున కడలూరు రేవున దిగి, అక్కడనుండి తరంగంబాడి చేరెను. ఆ సంవత్సరము నవంబరులోనే తమిళములో తొలి ప్రసంగము చేసెను.

తరంగంబాడిలో భాష నేర్చుటకు ఒక మంచి ఆచారము అప్పటికే కలదు. 1706లో ఆ రేవున దిగిన తొలి మిషనెరీ సీగెన్‌బాల్గు, ఊరి బడిపంతులును తన యింటికి పిలిపించుకొని, పసిపిల్లల నడుమ కూర్చుండి, వారితోబాటు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెను. పెద్ద చదువులు చదివి వచ్చిన మనుష్యుడు అయిదేండ్ల పిల్లలకు తోటి విద్యార్థి యయ్యెను. ష్వార్ట్జు ఆ మార్గముననే నడచెను. ఆయన మాటలాడుటకు చాలినంత తమిళము నేర్చి ఊరకుండలేదు. ఈ దేశపు జనులు ఏమి నమ్ముదురో, దేనిని అందమని తలంచుదురో, ఏ మాటకు నొచ్చుకొందురో తెలిసికొనుటకు వారి గ్రంథములను సంవత్సరముల తరబడి చదివెను. ప్రతిదినము కొంతసేపు బడిపిల్లల నడుమ గడపెను. పిల్లలకు బోధించునప్పుడే తన భాష తేటపడునని ఆయన కనుగొనినట్లు తోచుచున్నది. పండితునితో మాటలాడునప్పుడు తప్పును పెద్దమాట చాటున దాచవచ్చును. పిల్లవాడు అర్థము కానిచో తెల్లముఖము వేయును.

1762 ప్రాంతమున ఆయన తిరుచినాపల్లికి వెళ్లెను. అచ్చటనే ఆయనకు ఇంగ్లీషుతో నిజమైన పని పడెను. ఆ పట్టణము ఆర్కాటు నవాబు ఏలుబడిలోనిది; కోటలో కుంపిణీవారి సిపాయిలును, తెల్ల సోల్జర్లును ఉండిరి. వీధిలో తమిళము, నవాబు కొలువులో పారసీయు హిందూస్థానియు, మిశ్రజాతి కుటుంబములలో పోర్చుగీసు, బారకులలో ఇంగ్లీషు వినబడుచుండెను. ష్వార్ట్జు ఒక్కొక్కటిగ ఇవియన్నియు నేర్చెను. సోల్జర్లకు పాదిరి లేకపోగా వారికి ఆరాధన జరుపు భారము ఆయనమీద పడెను. ఆయన ఇంగ్లీషు అప్పటికి చాల కొఱతగ నుండెను. అందువలన మొదట ఇతరులు వ్రాసి అచ్చువేసిన ఇంగ్లీషు ప్రసంగములను తెచ్చి చదివి వినిపించెను. కొంతకాలమునకు ఆ వాక్యములు నోట నిలిచెను. చెవికి నడక తెలిసెను. అటుపిమ్మట కాగితము లేకుండ తన సొంతమాటలతో ప్రసంగింపసాగెను.

ఈ సంగతిని మా విద్యార్థులు శ్రద్ధగ గమనింపవలెను. ముప్పదియాఱేండ్ల వయస్సున, గురుపట్టము పొందిన మనుష్యుడు, ఇంగ్లీషు మాతృభాషగాగల సోల్జర్ల యెదుట నిలిచి, ఎరవు తెచ్చుకొనిన వాక్యములను చదివెను. అందుకు ఆయన సిగ్గుపడలేదు. పరభాషలో సొంతవాక్యము పుట్టకమునుపు ఎరవు వాక్యములతో కొంతదూరము నడువవలసియుండును. పద్యమును వల్లించినట్లు పది మంచి ఇంగ్లీషు వాక్యములను వల్లించిన బాలుడు పదునొకండవ దానిని తానే కూర్చును. తొలిదినమే సొంతమాట చెప్పుమని నిర్బంధింపబడిన బిడ్డ నోరు మూసికొనును. ఆ నోరు మరల తెఱపించుట బహుకష్టము.

తిరుచినాపల్లి కోటలో మందుగుండు కొట్టు పేలి పెక్కుమంది మడిసిరి. తలిదండ్రులు పోయిన సోల్జర్ల బిడ్డలు దిక్కులేక మిగిలిరి. వారికొఱకు ష్వార్ట్జు ఒక బడి పెట్టెను. 1766లో అక్కడ ఒక దేవాలయము కూడ కట్టబడెను. ఆయన అవివాహితుడు, అన్నము, కూరగాయలు తిని, చిన్న గదిలో కాపురముండి, తనకు వచ్చినది బడులకును బీదలకును వెచ్చించెను. ఈ విధముగ జీవించుటచేత ధనమును గూర్చి ఆయన చెప్పిన మాటను జనులు నమ్మిరి.

ఆ నమ్మకము ఎంతదూరము వ్యాపించెనో 1779లో తెలిసెను. చెన్నపట్టణపు గవర్నరు, మైసూరు నేలుచున్న హైదరాలీయొద్దకు ష్వార్ట్జును రాయబారిగ పంపెను. శ్రీరంగపట్టణమునకు ఆయన వెళ్లి, హైదరాలీతో సంభాషించి, కానుకలు ఆశింపక మరలివచ్చెను. దారి ఖర్చులకని హైదరాలీ 300 రూపాయలు పంపగా, వానిని తన సొత్తుగ నెంచక గవర్నరు సభవారికి అప్పగించెను. వారు తిరిగి ఇచ్చివేయగా, ఆ సొమ్మును తంజావూరిలో ఇంగ్లీషు అనాథ బాలుర బడికి మూలధనముగ నుంచెను. కుంపిణీవారికి పగవాడైన నవాబు సొమ్ముతో ఇంగ్లీషు బడికి పునాది పడుట వింతయే గదా! పిమ్మట యుద్ధము చెలరేగినప్పుడు, ఈ పాదిరిని అడ్డగింపక పోనిండని హైదరాలీ తన సేనానులకు ఆజ్ఞ యిచ్చెను.

అప్పటికే ష్వార్ట్జు తన నివాసమును తంజావూరికి మార్చుకొనియుండెను. ఆ నగరమును మించిన బహుభాషా నగరము ఆనాడు దక్షిణదేశమున అరుదు. సేద్యము చేయువారు తమిళులు. ఏలుచున్న వంశము మహారాష్ట్రము. అంతకుముందు ఏలిన నాయకరాజుల కాలమునుండి తెలుగు అక్కడ కవిత్వమునకును సంగీతమునకును భాషయై యుండెను. మహారాష్ట్ర ప్రభువులలో కొందఱు తామే తెలుగున యక్షగానములు రచించిరి. శాస్త్రములు సంస్కృతములో నుండెను. ఇన్నిటిమీద కుంపిణీవారి ఇంగ్లీషు వచ్చిపడెను. ష్వార్ట్జు 1769లో తుళజాజీ మహారాజును తొలుత దర్శించినప్పుడు, సంభాషణ మొదట పారసీ దుబాసి మూలమున సాగెను. అట్లు సాగుట నచ్చక ఆయన తమిళమున మాటలాడగా, రాజు నేరుగ గ్రహించెను. నాటినుండి వారిరువురి నడుమ దుబాసి లేడు.

దుబాసి లేకుండుట యనునది చిన్న సంగతి కాదు. ఆ కాలమున రైతుకును కుంపిణీ అధికారికిని నడుమ దుబాసియే నోరు, దుబాసియే చెవి. అతడు కోరినట్లు మాట మార్చవచ్చును, లంచము పుచ్చుకొనవచ్చును. తంజావూరిలో కుంపిణీ రెసిడెంటుగ నుండిన జాన్ సల్లివను ఈ కీడును చూచి, ఈ దేశపు బాలురకు ఇంగ్లీషు నేర్పినయెడల ఉభయులును ఒకరినొకరు తిన్నగ తెలిసికొందురని తలంచి, ష్వార్ట్జుతో ఆలోచించి ఒక ఏర్పాటు సిద్ధపఱచెను. దాని ఫలముగ 1785 మొదలుకొని తంజావూరు, రామనాథపురము, శివగంగ అను చోట్ల ఇంగ్లీషు బడులు పుట్టెను. 1787లో లండనులోని కుంపిణీ డైరెక్టర్లు ఒక్కొక్క బడికి సంవత్సరమునకు 250 వరహాల చొప్పున మంజూరు చేసిరి. మెకాలే ప్రభువు విద్యావిషయమైన తన ప్రసిద్ధ లేఖను 1835లో వ్రాసెను. ఈ బడులు దానికి 50 సంవత్సరములు ముందటివి.

ఆ బడులలో కూర్చుండిన బాలురలో బ్రాహ్మణుల బిడ్డలును, వర్తకుల బిడ్డలును ఎక్కువగ నుండిరి. కొందఱి ఇంట మహారాష్ట్రము, కొందఱి ఇంట తమిళము. ఇంగ్లీషు చదువు, వ్రాత, లెక్కలతోబాటు దేశభాషకును అక్కడ చోటుండెను. ఇంగ్లీషు నేర్చుటకు ఇంటి భాషను గడపవెలుపల విడిచి రమ్మని ఎవరును ఆజ్ఞాపింపలేదు. ఆ బడులనుండి వచ్చినవారిలో పలువురు కుంపిణీ కచ్చేరీలలో ఉద్యోగములు సంపాదించిరి. వాని వాకిలి బీదవానికి అంత విశాలముగ తెఱచియుండలేదన్న మాటయు సత్యమే. బీదబిడ్డలకు ఆయన వేఱుగ ధర్మపు బడులు నడపెను. ఈ కొఱతను కప్పిపుచ్చుట చరిత్రకు మేలు కాదు.

ఇక తలిదండ్రుల భయము. మిషనెరీ పెట్టిన బడికి బిడ్డను పంపినచో, చదువు చాటున వాని మతమును మాఱ్చునేమోయని వారు శంకించుట సహజము. ష్వార్ట్జు ఆ శంకను తృణీకరింపలేదు. తలిదండ్రులకు తెలియకుండ మోసపు మార్గమున బిడ్డలను క్రైస్తవ బోధకు లాగుట కూడదని ఆ ఏర్పాటులోనే ఒప్పుకొనెను. తన విశ్వాసమును ఆయన దాచినవాడు కాడు. అడిగినవారికెల్ల వీధిలోను, రాజసభలోను బాహాటముగ చెప్పెను. దాగియుండి చేయు పనిని మాత్రము ఆయన అసహ్యించుకొనెను. ఈ యొడంబడికయే బ్రాహ్మణుల బిడ్డలను ఆ బడి బల్లలపై కూర్చుండబెట్టెనని మా యభిప్రాయము. తల్లికి భయము కలిగించు బడిలో బిడ్డ మనస్సు నిలువదు. మనస్సు నిలువనిచోట పరభాష అంటదు.

ఆయన యింట పెరిగిన శిష్యులలో ఇద్దఱిని మాత్రము పేర్కొనెదము. తిరునెల్వేలి సీమనుండి 1785లో ఆయన వెంట వచ్చిన వేదనాయకము అను బాలుడు, మిషనులో చదివి, పిమ్మట బడికి ఉపాధ్యాయుడై, తమిళ క్రైస్తవ కవులలో అగ్రగణ్యుడయ్యెను. పరదేశీయుని శిష్యుడగుటవలన అతని తమిళము సన్నగిల్లలేదు; మఱింత పుష్టి పొందెను.

రెండవవాడు శరభోజి. తుళజాజీ మహారాజు సంతానము లేక, 1787లో తన మరణమునకు ముందు తొమ్మిది పదియేండ్ల ఈ బాలుని దత్తు తీసికొని, ష్వార్ట్జును పిలిపించి సంరక్షకుడవు కమ్మని కోరెను. రాజ్యభారము తనవంటి బోధకునకు తగదని ఆయన వినయముతో నిరాకరించెను. రాజు తమ్ముడైన అమరసింహుడు అధికారమునకు వచ్చి, బాలుని ఒకచోట నిర్బంధించి, చదువు సంధ్యలు లేకుండ చేసెను. అప్పుడు ష్వార్ట్జు ఊరకుండలేదు. కుంపిణీవారికి వ్రాసి, పట్టుబట్టి, ఆ బాలునకు చదువు చెప్పించు ఏర్పాటు చేయించెను. అదియు చాలక, 1793లో బాలుడు చెన్నపట్టణము చేర్చబడి, ష్వార్ట్జు మిత్రుడైన గెరికె పాదిరిగారి పర్యవేక్షణములో విద్య నేర్చెను. రాజ్యమును ఆ బాలునకై కాపాడుట తన పని కాదనిన మనుష్యుడు, వాని చదువును కాపాడుట తన పనియేయని పోరాడెను.

1798వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన, తన 71వ ఏట, ష్వార్ట్జు తంజావూరిలో పరమపదించెను. హిందూదేశమున అడుగుపెట్టిన పిదప ఇంచుమించు 48 సంవత్సరములలో ఒక్కసారియైనను ఆయన స్వదేశమునకు మరలలేదు. శరభోజి వచ్చి, శవపేటికను మూయకముందు ఆ ముఖమును చూచి, కన్నీరు విడిచెను. ఆ సంవత్సరమే అతడు సింహాసనమెక్కెను. కుంపిణీవారు చెన్నపట్టణపు కోటలోని దేవాలయమున ష్వార్ట్జునకు ఒక స్మారకమును నిలిపిరి. శరభోజి ఫ్లాక్స్‌మను అను ప్రసిద్ధ శిల్పిచేత చలువరాతి స్మారకమును చేయించి తంజావూరు చిన్నకోటలోని దేవాలయమున పెట్టించెను. మరణశయ్యమీదనున్న గురువును రాజు దర్శించుట ఆ రాతిలో చెక్కబడియున్నది.

శరభోజి తుదివఱకు హిందువుగనే యుండెను. గురువు స్థాపించిన క్రైస్తవ బడులకు మాత్రము తోడ్పడెను. ఇంగ్లీషు చదువు అతనిని తన వారినుండి వేఱు చేయలేదు. సరస్వతీ మహలు గ్రంథాలయమునకు సంస్కృత, తమిళ, తెలుగు, మహారాష్ట్ర గ్రంథములతోబాటు ఐరోపా గ్రంథములను గూడ కూర్చెను. తంజావూరిలో దేవనాగరి అచ్చుకూటము పెట్టించి, 1806లో ఈసపు నీతికథలను ఇంగ్లీషునుండి మహారాష్ట్రములోనికి తెనిగించిన విధమున మార్పించి, బాలబోధ ముక్తావళి యను పేర పిల్లలకొఱకు అచ్చొత్తించెను. 1826లో బిషపు హీబరు తంజావూరికి వచ్చినప్పుడు, ఈ రాజు లావోసియే, లిన్నేయసు మొదలగు శాస్త్రజ్ఞులను గూర్చి ఇంగ్లీషున ప్రసంగించుట చూచి ఆశ్చర్యపడెను. ఇంగ్లీషు వాకిట లోపలికి వెళ్లిన బాలుడు, చేతినిండ తెచ్చినదానిని తన యింటి భాషలో పిల్లలకు పంచిపెట్టెను. చదువునకు ఇంతకంటె మంచి పరీక్ష మాకు తెలియదు.

తలిదండ్రులారా, మీ బిడ్డతో ఇంట మీ భాషలోనే ధారాళముగ మాటలాడుడు, కథలు చెప్పుడు, లెక్కలు అడుగుడు. ఆ భాషలో ఆలోచింప నేర్చిన బిడ్డయే ఇంగ్లీషున చెప్పదగిన మాట గలవాడగును. తోడి ఉపాధ్యాయులారా, మన తరగతిలో కూర్చుండిన బిడ్డల భాషలలో మనకు రానిదానిని గుర్తించి, కనీసము పది మాటలైనను ఆ బిడ్డనే అడిగి నేర్చుకొందము. ఉపాధ్యాయుడు తన మాటను తప్పుగ పలికి, మరల దిద్దుకొనుటను చూచిన బిడ్డ, తాను ఇంగ్లీషు మాటను తప్పుగ పలుకుటకు భయపడదు. విద్యార్థులారా, మీ ప్రక్క బల్లమీది బాలుడు ఇంగ్లీషు వాక్యమున తడబడినప్పుడు నవ్వకుడు. వానికి మీకు రాని భాష యొకటి వచ్చును.

ష్వార్ట్జు సమాధిమీది రాతిపై కొన్ని ఇంగ్లీషు చరణములు చెక్కబడియున్నవి. వానిని కూర్చినవాడు శరభోజియే. వానిలో పాండిత్యమేమియు లేదు. సామాన్యమైన మాటలు, సామాన్యమైన ప్రాసలు. మహారాష్ట్ర వంశమున పుట్టి తమిళదేశమున పెరిగిన శిష్యుడు, జర్మను గురువునకై, ఇరువురికిని పరభాషయైన ఇంగ్లీషున తన దుఃఖమును చెప్పుకొనెను. తంజావూరికి వెళ్లువారు ఆ రాతిని చూచి, చదివి రావలెనని కోరుచున్నాము.